రోడ్డు మీద మతిస్థిమితం లేని మనిషి కనిపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

బస్టాండు గోడ పక్కన, రైల్వే గేటు దగ్గర, గుడి మెట్ల కింద, ఫ్లైఓవర్ నీడన రోజులు గడిపే మనుషుల గురించి ఈ పేజీ. వాళ్లకి ఇల్లు లేదు, మనసుకి జబ్బు చేసింది, తోడెవరూ లేరు. వాళ్లను చూసి బాధపడేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. ఎవరికి చెప్పాలో, ఏం చేయాలో తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు. అలాంటివాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

మా వీధి చివర ఒకతను నెలల తరబడి ఉంటున్నాడు. తనలో తనే మాట్లాడుకుంటాడు. ముందుగా ఏం చేయాలి?

ఆయనకి ఇప్పటికే దగ్గరైనవాళ్లు ఎవరో కనుక్కోండి. దాదాపు ప్రతిచోటా ఒకరుంటారు. పొద్దున్నే టీ ఇచ్చే కొట్టాయన, మిగిలిన ఇడ్లీ పొట్లం కట్టిచ్చే బండి ఆవిడ, చలికాలంలో పాత దుప్పటి ఇచ్చిన వాచ్‌మన్. ఆయన ఎప్పటి నుంచి ఉంటున్నారు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ భాష మాట్లాడతారు, ఏ వేళకి ఎక్కడ కూర్చుంటారు, ఎవరిని చూస్తే బెదురుతారు, ఇవన్నీ వాళ్లకి తెలుసు. రేపు డాక్టరు అడిగేది కూడా ఇదే.

తర్వాత మీరు వెళ్లండి. ఆ టీ కొట్టాయనతో కలిసి వెళ్తే ఇంకా మంచిది. నాలుగడుగుల దూరంలో, ఆయనకి కనబడేలా కూర్చోండి. వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేయొద్దు. మూట ముట్టుకోవద్దు, ఆయనకున్నదంతా అందులోనే ఉంటుంది. "తిన్నారా? టీ తాగుతారా?" అని అడగండి చాలు. పేరేంటి, ఊరేంటి, ఎందుకిలా అయ్యావు అని ఒకటే ప్రశ్నలు వేస్తే ఇంకా ముడుచుకుపోతారు. మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. పది రోజులు పట్టినా పట్టొచ్చు.

ఒంటి మీద పుండ్లు, పురుగులు, జ్వరం, రక్తం కనిపిస్తే మాత్రం ఈ పరిచయాలన్నీ తర్వాత. వెంటనే 108కి ఫోన్ చేయండి.

దగ్గరికి వెళ్తే కొడతారేమో అని భయంగా ఉంది.

భయం సహజమే. కానీ రోడ్డు మీద ఉన్న మానసిక రోగులు ఇతరులను కొట్టడం కంటే ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే చాలా ఎక్కువ. రాళ్లు విసిరే పిల్లలు, తాగొచ్చి తన్నేవాళ్లు, కొట్టు ముందు పడుకున్నారని నీళ్లు కుమ్మరించేవాళ్లు. కొంతకాలం ఇలా బతికాక ఎవరు దగ్గరికొచ్చినా చెయ్యెత్తడం ఒక రక్షణ అయిపోతుంది. అరుస్తున్నా, చేతిలో రాయి ఉన్నా ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి. వాదించొద్దు, నవ్వొద్దు, గుంపు పోగవకుండా చూడండి. చుట్టూ జనం తగ్గితే చాలామంది వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు.

అది మానసిక జబ్బేనని మనకెలా తెలుస్తుంది?

మనకి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. అది డాక్టరు తేల్చాలి. ఇంటి దారి మర్చిపోయిన డిమెన్షియా ఉన్న పెద్దావిడ, తాగుడు ఒక్కసారిగా మానేసి ఒణుకుతూ ఏవేవో కనిపిస్తున్నాయనే మనిషి, తలకి దెబ్బ తగిలినవాళ్లు, మాట రాని, చెవులు వినపడనివాళ్లు, మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవాళ్లు, వీళ్లందరికీ జనం ఒకటే ముద్ర వేసేస్తారు. వయసు మీద పడి, బట్టలు ఇంకా శుభ్రంగానే ఉండి, దిక్కులు చూస్తున్నవారు కనిపిస్తే ఆ రోజే తప్పిపోయి ఉండొచ్చు. వాళ్ల విషయంలో ఆలస్యం చేయొద్దు. 112కి, లేదా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చెప్పండి. ఇంట్లోవాళ్లు అప్పటికే వెతుకుతూ ఉంటారు.

పోలీసులకు చెబితే లాకప్‌లో వేస్తారా?

వేయకూడదు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. అందులో 100వ సెక్షన్ పూర్తిగా పోలీసుల బాధ్యత గురించే. స్టేషన్ పరిధిలో మానసిక జబ్బుతో, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి ఉన్నారని అనిపిస్తే ఆ స్టేషన్ అధికారి వారిని రక్షణలోకి తీసుకోవాలి. అది అరెస్టు కాదు. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదని చట్టం నేరుగా చెబుతోంది. ఆసుపత్రిలో చేర్చుకోవాల్సినంత జబ్బు లేదని డాక్టరు చెబితే ఇంటి దగ్గర దించాలి, ఇల్లు లేకపోతే ఇల్లు లేనివారి కోసం ప్రభుత్వం నడిపే వసతికి చేర్చాలి. తీసుకొచ్చి మళ్లీ అదే రోడ్డు మీద వదిలేయడానికి లేదు.

ఇంకో ముఖ్యమైన మాట అదే సెక్షన్‌లో ఉంది. ఇల్లు లేకుండా తిరుగుతూ దొరికిన మానసిక రోగి విషయంలో తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. కుటుంబాన్ని వెతికి, మీ మనిషి ఫలానా చోట ఉన్నారని చెప్పే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుది. ఎక్కువగా జరగకుండా మిగిలిపోయేది ఈ పనే. ఆ ఎఫ్ఐఆర్ ఉంటే ఎక్కడో మరో రాష్ట్రంలో తల్లి ఇచ్చిన మిస్సింగ్ కేసుతో జతపడే అవకాశం ఉంటుంది. అది లేకపోతే ఆసుపత్రి రికార్డులో "పేరు తెలియని వ్యక్తి" అన్న ఒక్క మాటే ఉండిపోతుంది. అందుకే ఎఫ్ఐఆర్ నంబరు అడిగి రాసుకోండి.

స్టేషన్‌లో "కోర్టు ఆర్డర్ తెండి, మా పని కాదు" అంటున్నారు. అప్పుడు?

పాత 1987 చట్టం కింద మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. ఆ అలవాటు చాలాచోట్ల ఇంకా పోలేదు. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే మనిషిని పరీక్షకి తీసుకెళ్లడానికి ముందుగా కోర్టు ఆర్డర్ అక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ స్థితిలో ఉన్నారో రాసి, 2017 చట్టం సెక్షన్ 100 అని పైన పెట్టి ఇవ్వండి. కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. చట్టం చదివి వినిపిస్తే సాయం చేసే ఎస్సైలు, కానిస్టేబుళ్లు చాలామందే ఉన్నారు. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మానసిక జబ్బున్నవారికి ఉచిత న్యాయసాయం హక్కు. 15100కి ఫోన్ చేసినా సరే.

ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

అందరికీ వెంటనే గుర్తొచ్చేవి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు. కానీ ప్రతి కేసునీ అంత దూరం పంపాల్సిన పనిలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. మొదటి పరీక్ష అక్కడే చేయించొచ్చు. పేదలకు, దిక్కులేనివారికి, ఇల్లు లేనివారికి ప్రభుత్వ మానసిక వైద్య సేవలు పూర్తిగా ఉచితమని చట్టంలో ఉంది. తెల్ల రేషన్ కార్డు లేకపోయినా సరే. ఆధార్ లేదని వెనక్కి పంపితే ఊరుకోవద్దు. రోడ్డు మీద బతికే మనిషి దగ్గర ఆధార్ కార్డు ఎక్కడిది?

"అటెండర్ లేకపోతే చేర్చుకోం" అనేది తరచుగా ఎదురయ్యే మరో చిక్కు. మానసిక రోగుల కోసం పనిచేసే సంస్థ తరఫు మనిషి, ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇచ్చి, తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకోవచ్చు. అదీ చట్టంలో ఉంది.

ఆయనకి ఇష్టం లేకుండా ఆసుపత్రిలో చేర్చడం తప్పు కాదా?

మంచి ప్రశ్న. తప్పు అయ్యే అవకాశం ఉంది. రోడ్డు మీద ఉన్నంత మాత్రాన, మురికిగా ఉన్నంత మాత్రాన, తనలో తను నవ్వుకున్నంత మాత్రాన ఎవరినీ బలవంతంగా చేర్చే హక్కు మనకి లేదు. ప్రాణానికి ముప్పు ఉందా, ఇతరులకు హాని ఉందా, తనను తాను చూసుకోలేని స్థితికి చేరారా, ఇవి చూసి నిర్ణయించాల్సింది వైద్యులు. అలా చేర్చినా దానికి గడువు, సమీక్ష ఉంటాయి. ఓపిగ్గా కొన్ని వారాలు మాట్లాడి, తెలిసిన మనిషి తోడు వెళ్తే "సరే పదండి" అనేవాళ్లు మీరనుకునే దానికంటే ఎక్కువ. నలుగురు పట్టుకుని వ్యానులోకి తోస్తే ఆ మనిషి ఇక జన్మలో ఏ డాక్టరునీ నమ్మరు.

ఆడమనిషి అయితే?

ఆలస్యం చేయొద్దు. రాత్రుళ్లు రోడ్డు మీద ఉండే మతిస్థిమితం లేని ఆడవాళ్లపై అఘాయిత్యాలు జరుగుతాయి. జరిగినట్టు వాళ్లు చెప్పలేరు, చెప్పినా నమ్మరు. గర్భంతో కనిపించినవాళ్లూ ఉన్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది. తీసుకెళ్లేటప్పుడు మహిళా కానిస్టేబుల్ ఉండాలని గట్టిగా అడగండి. బట్టలు, శానిటరీ ప్యాడ్లు ఇవ్వండి. అవి ఇవ్వాలని చాలామందికి తట్టదు.

కార్పొరేషన్‌కి చెప్పి అక్కడి నుంచి తీయించేయొచ్చు కదా?

తీయించేసి ఎక్కడ పెడతారు? 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించారు. రోడ్ల మీది మనుషులను వాహనాల్లో జైళ్ల ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాళ్ల సమాచారం ఇస్తే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. అక్కడ తిండి పెట్టారు, కొందరికి పని కూడా నేర్పారు, అది నిజం. అయినా ఒక అతిథి వస్తున్నారని మనిషిని కంటికి కనబడకుండా చేయడం వైద్యం అనిపించుకోదు. ఏ నేరమూ చేయని మనిషికి జైలు గేటు లోపల ఆశ్రయం ఇవ్వడంలోనే మనం వాళ్లను ఎలా చూస్తున్నామో తెలిసిపోతుంది.

ఇంకా కొన్నిచోట్ల జరిగేది అర్ధరాత్రి ఆటో ఎక్కించి పొలిమేర దాటించడం. అక్కడివాళ్లు మరో ఊరికి పంపుతారు. ఇలా తిప్పుతున్న కొద్దీ ఆ మనిషికి తెలిసిన టీ కొట్టూ పోతుంది, పేరు తెలిసిన మనుషులూ పోతారు, ఇంటి ఆచూకీ ఇంకా దూరమవుతుంది.

అడగాల్సింది షెల్టర్ గురించి. లక్ష జనాభాకి కనీసం 100 మంది ఉండేలా ఏడాది పొడవునా నడిచే వసతి గృహం పట్టణాల్లో ఉండాలి. మీ మున్సిపాలిటీలో ఎన్ని ఉన్నాయి, మానసిక జబ్బున్నవారిని అందులోకి రానిస్తున్నారా అని కౌన్సిలర్‌ని అడగండి.

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా అని వాట్సాప్‌లో ఒక ఫోటో తిరుగుతోంది. మా ఊళ్లో తిరిగే ఒకతనిలాగే ఉంది.

ఫార్వర్డ్ చేయొద్దు. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకెళ్లే పార్థీ గ్యాంగ్ దిగిందంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లో పుకార్లు పాకాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే నెలలో మన సరిహద్దుని ఆనుకుని ఉన్న తమిళనాడులోని పులికాట్‌లో రోడ్ల మీద తిరుగుతున్న ఒక నిరాశ్రయుణ్ణి కొట్టి చంపి వంతెనకు వేలాడదీశారు. "నువ్వెవరు, ఊరేది" అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేకపోవడమే ఇలాంటి మనుషుల నేరం అయిపోతుంది. మీ ఊళ్లో అలాంటి పుకారు మొదలైతే, ఆయన మీకు తెలుసని, ఎన్నాళ్ల నుంచో ఇక్కడే ఉంటున్నారని అదే గ్రూపులో రాయండి. తెలిసిన ఒక్క మనిషి ఆ మాట అంటే గుంపు ఆగొచ్చు. 112కి చెప్పండి.

జుట్టు కత్తిరించి, స్నానం చేయించి వీడియో పెడుతున్నారు. మంచిపనే కదా?

స్నానం చేయించడం మంచిపనే, ఆయన ఒప్పుకుంటే. కెమెరా ముందు బట్టలు విప్పి, పైపుతో నీళ్లు కొట్టి, గుండు గీయించి, వెనక విషాద సంగీతం పెట్టి లక్షల వ్యూలు తెచ్చుకోవడం మంచిపని కాదు. ఆయన రేపు కోలుకుంటారు. ఊరికి వెళ్తారు. ఆయన కూతురి ఫోన్లో ఆ వీడియో ఉంటుంది.

మానసిక వైద్యశాలల్లోనే బలవంతంగా గుండు చేయకూడదని, చికిత్సలో ఉన్నవారి ఫోటోలు అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. రోడ్డు మీద ఆ మర్యాద ఎందుకు తగ్గాలి? కుటుంబాన్ని వెతకడానికి ఫోటో కావాలంటే ముఖం మాత్రం తీసి, పోలీసులకి, మిస్సింగ్ కేసులు చూసేవాళ్లకి పంపండి. స్నానం చేయించి రెండో రోజు అక్కడే వదిలేసి వెళ్లేవాళ్లకంటే, వీడియో లేకుండా మూడు నెలలు మందు మింగించే మనిషి వెయ్యి రెట్లు నయం.

ఒక ప్రైవేటు ఆశ్రమం వాళ్లు తీసుకెళ్తామంటున్నారు. పంపొచ్చా?

చూడకుండా పంపొద్దు. మనసు పెట్టి నడిపేవాళ్లు ఉన్నారు, వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. అయితే ఎర్వాడిని మర్చిపోకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని తీసుకొచ్చినవారిని ఉంచిన ఒక ప్రైవేటు పాకలో మంటలు రేగాయి. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు.

కాబట్టి స్వయంగా వెళ్లి చూడండి. రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఎన్నాళ్లకోసారి వస్తారు, మందుల రికార్డు ఉందా, ఆడవాళ్లకి వేరే గదులు, ఆడ సిబ్బంది ఉన్నారా, ఎవరినైనా కట్టేశారా. గొలుసుతో కట్టడం చట్టం పూర్తిగా నిషేధించింది, కారణం ఏదైనా సరే. ముందుగా చెప్పకుండా వస్తే లోపలికి రానివ్వని చోటికి మీ మనిషిని పంపకండి.

మందులు వాడితే నిజంగా బాగవుతారా?

చాలామందిలో గుర్తుపట్టలేనంత మార్పు వస్తుంది. స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకు మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో నిద్ర వస్తుంది, చెవిలో వినిపించే మాటల జోరు తగ్గుతుంది, భయం తగ్గుతుంది. రోజూ మాత్ర మింగడం కుదరనివారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. అందరికీ పూర్తిగా నయం కాదు. బీపీ, షుగర్ లాగే కొందరికి ఏళ్ల తరబడి మందు కావాలి, ఆపితే తిరగబెడుతుంది. ఊళ్లోవాళ్లు "బాగైపోయాడుగా, ఇంకా మందెందుకు" అనేది సరిగ్గా అప్పుడే.

మన భాష రాదు. ఊరు పేరు కూడా చెప్పడం లేదు. ఇంటివాళ్లు ఎలా దొరుకుతారు?

రైలెక్కి ఎక్కడో దిగిపోయినవాళ్లు మన స్టేషన్ల దగ్గర చాలామంది ఉంటారు. హిందీ, బెంగాలీ, ఒడియా, ఏ భాషో తెలిస్తే సగం పని అయినట్టే. భవన నిర్మాణానికి వచ్చిన కూలీల్లో ఆ ప్రాంతంవాళ్లు ఒకరు దొరుకుతారు, వారిని తీసుకొచ్చి మాట్లాడించండి. సొంత భాష చెవిన పడగానే ఏళ్ల తరబడి మూగగా ఉన్నవారు నోరు విప్పడం చూస్తాం. ఊరి పేరు రాకపోతే మీ ఊళ్లో సంత ఏ వారం, దగ్గరలో ఏ నది, ఏ గుడి, అన్నదమ్ములెందరు అని అడగండి. మందులు పడిన కొన్ని వారాలకు మళ్లీ అడగండి, అప్పుడు పేర్లు వస్తాయి. కొత్తగా ఆధార్ తీస్తే, వేలిముద్రలు ఇదివరకే నమోదై ఉన్నాయని తేలి ఇల్లు దొరికినవాళ్లూ ఉన్నారు. ఇదే పని మీద మహారాష్ట్రలోని కర్జత్‌లో శ్రద్ధ సంస్థ నడుపుతూ, దేశమంతటా వేల మందిని ఇళ్లకు చేర్చిన డాక్టర్ భరత్ వత్వానీకి 2018లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

దొరికాక ఇంటివాళ్లే వద్దంటే?

అంటారు, ముఖ్యంగా ఆడవాళ్లను. భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటాడు, అన్నదమ్ములు ఆస్తి పంచుకుని ఉంటారు. వెంటనే కసాయివాళ్లు అనకండి. ఎన్నో ఏళ్లు భూతవైద్యుల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, పొలం అమ్మి, అలసిపోయినవాళ్లు అందులో ఉంటారు. నెలనెలా మందు దగ్గరలోనే దొరుకుతుందని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుందని తెలిస్తే కొందరు మనసు మార్చుకుంటారు.

మార్చుకోనివాళ్ల సంగతి? జబ్బు తగ్గినా వెళ్లే చోటు లేక ఆసుపత్రిలోనే ఏళ్లు గడిపేవాళ్ల గురించి సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో రాష్ట్రాలకు గట్టిగానే చెప్పింది. 1993లో చెన్నైలో మొదలైన ది బ్యానియన్ సంస్థ ఒక దారి చూపించింది. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, వండుకుంటారు, పనికి వెళ్తారు, సాయానికి ఒక మనిషి ఉంటారు. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్లు కావాలి. దానికి ముందు, ఇల్లు అద్దెకివ్వడానికి మనం ఒప్పుకోవాలి.

పక్కింట్లోనే ఒకరిని గదిలో కట్టేసి ఉంచారు. మనం కల్పించుకోవచ్చా?

కల్పించుకోవాలి. ఇంట్లో మానసిక రోగిని హింసిస్తున్నారని, పట్టించుకోవడం లేదని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలని అదే 2017 చట్టం సెక్షన్ 101 చెబుతోంది. విషయం మెజిస్ట్రేట్ దాకా వెళ్తుంది, వైద్య పరీక్షకు ఉత్తర్వు ఇస్తారు. కట్టేసినవాళ్లు చాలాసార్లు దిక్కు తోచని తల్లిదండ్రులే కాబట్టి, ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు (14416) ఇచ్చి, ఆసుపత్రికి తోడు వస్తామని చెప్పి చూడండి. దెబ్బలు, ఆకలి కనిపిస్తే ఆ ఆలోచన కూడా వద్దు, నేరుగా చెప్పేయండి.

ఆసుపత్రీ ఆశ్రమమూ కాకుండా, ఊరు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. ఈ పేజీలో అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప అనే సంస్థ 2007 నుంచి రోడ్డు మీది మానసిక రోగులకు వాళ్లున్న చోటే వైద్యం అందిస్తోంది. డాక్టరు, కార్యకర్త ఫుట్‌పాత్ దగ్గరికే వస్తారు. రోజూ మాత్ర వేయించేది ఆ వీధిలోని టీ కొట్టువాళ్లు, చిన్న హోటలువాళ్లు, దుకాణదారులు. ఎప్పటి నుంచో అన్నం పెడుతున్న చెయ్యే మందు కూడా ఇస్తుంది.

బెల్జియంలో గీల్ అనే పట్టణంలో మామూలు కుటుంబాలు మానసిక రోగులను వందల ఏళ్లుగా తమ ఇళ్లలో ఉంచుకుంటున్నాయి. 1930ల చివర్లో అక్కడ 3,700 మందికి పైగా అలా ఉండేవారు, ఇప్పుడు తగ్గినా పద్ధతి ఆగలేదు. మనం రేపే గీల్ కాలేం. కానీ మన టీ కొట్టువాళ్లు కోల్‌కతా టీ కొట్టువాళ్లకి ఏం తీసిపోరు. వాళ్లకి కావాల్సింది నెలకోసారి వచ్చే డాక్టరు, ఫోన్ చేస్తే పలికే ఒక నర్సు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రతి జిల్లాలో ఇలాంటి పని కోసమే ఉంది. మీ జిల్లా వైద్యాధికారికి ఉత్తరం రాసేటప్పుడు మనిషిని తీసుకెళ్లండి అని మాత్రమే రాయకుండా, డాక్టరుని ఇక్కడికి పంపండి, మందు మేం ఇస్తాం అని రాసి, కొట్టువాళ్ల సంతకాలు పెట్టించండి.

ఫోన్‌లో దాచుకోవాల్సిన నంబర్లు చెప్పండి.

టెలీ మానస్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, రోగి తరఫున మీరు అడిగినా సలహా ఇస్తారు. అంబులెన్సుకి 108, పోలీసులకు 112, ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, వృద్ధులకి 14567, న్యాయసాయానికి 15100. ఫోన్ చేసేటప్పుడు దగ్గరలోని గుడో, పెట్రోల్ బంకో గుర్తుగా చెప్పండి. వాహనం వచ్చేదాకా ఆయన కనుచూపు మేరలోనే ఉండండి.